సముద్రం మన రాష్ట్రంలోకి వచ్చింది

అక్కయమ్మ పట్టుపురుగుల కోసం పేడతో అలికిన వెదురు తట్టలను అరుగు మీద ఎండకు పెట్టి, చేతులు కడుక్కుని తిరిగి వచ్చేసరికి అవన్నీ ఒక మూలకు నెట్టేసి ఉన్నాయి. ఆ జాగాలో గంగాధరప్ప ఒక రంగుల దేశపటం పరిచాడు. గాలికి లేవకుండా దానికి నాలుగు పక్కలా రాళ్లు పెట్టాడు. చుట్టూ మగవాళ్లు గొంతుక్కూర్చుని, పెళ్లిచూపులకు వచ్చినవాళ్లలాగా దాన్ని ఎగాదిగా చూస్తున్నారు.

గంగాధరప్ప అక్కయమ్మకు మరిది. చిక్కబళ్లాపురంలో బట్టల అంగడి పెట్టి, పంచె మీద కోటు తొడుక్కునే దాకా ఎదిగిన మనిషి. ఊరు విడిచిపోతున్న దొర ఎవరో అమ్మేస్తే ఒక పాత పెద్ద కారు కొన్నాడు. మండికల్‌లోని అన్న ఇంటికి దాంట్లో వచ్చిన ప్రతిసారీ, దిగి తలుపు వేసే చప్పుడు వీధి చివరి దాకా వినబడేట్టు వేస్తాడు. ఆ చప్పుడు వినగానే అక్కయమ్మ మూతి తనంతట తానే ఒక పక్కకు పోయేది.

కన్నడ జిల్లాలన్నీ కలిపి మైసూరు రాష్ట్రాన్ని పెద్దది చేసి అప్పటికి ఏడాది దాటింది. ఆ సంగతి గంగాధరప్పకు కారు కొన్న తర్వాతే బాగా తలకెక్కింది.

"మంగళూరు ఇప్పుడు మనదే. కొడగు మనదే. సముద్రం మన రాష్ట్రంలోకి వచ్చింది. మన సముద్రాన్ని మనం చూడకుంటే ఎట్లప్పా?" అన్నాడు.

సముద్రాన్ని తనే వేలంలో పాడుకున్నట్టు మాట్లాడుతున్నాడే అనుకుంది అక్కయమ్మ. మూలకు నెట్టిన తట్టలను ఒక్కొక్కటే ఎత్తి గోడకు ఆనించడం మొదలుపెట్టింది. ఒకరూ లేచి చెయ్యి వేయలేదు.

యాత్ర దారంతా ఆమె అట్లా తట్టలు సర్దుతూనే వినింది. మొదట బెంగళూరు, మైసూరు దాటి కావేరి మీది కన్నంబాడి కట్ట. అక్కడినుంచి నీలగిరి కొండలెక్కి ఊటీ, ఊటీలో చెరువు, చెరువులో పడవ. మళ్లీ కొండ దిగి కొడగు కాఫీ తోటలు. ఘాటు దిగితే మంగళూరు. తిరిగి వచ్చేటప్పుడు ఆగుంబె కొండ మీద నిలబడి సూర్యుడు మునగడం చూడాలట. మన చేలకు పడమటి పక్కన రోజూ మునిగేవాడు ఇంకెవడో అనుకున్నారు కాబోలు అని ఆమె లోపలే చీదరించుకుంది.

దారి చూపే పని గోపాలప్పది. పెంకుల వ్యాపారి. మంగళూరు గురించి అతను చెప్పే మాటలు వింటే ఆ ఊళ్లో పుట్టి పెరిగాడేమో అనిపిస్తుంది. నిజానికి అతను చూసింది లారీల్లో దిగే మంగళూరు పెంకులను మాత్రమే. ఆ సంగతి అక్కయమ్మకు తెలుసు. గంగాధరప్పకూ తెలుసు. అయినా అతను వేలితో పటం మీద గీత గీస్తూ, "ఈడ రోడ్డు వంకరగా ఉంటాది, జాగ్రత్తగా పోవల్ల" అంటుంటే అందరూ తలలూపుతున్నారు. వెనక సీటుకు అక్కయమ్మ భర్తతో పాటు తాలూకా కచేరీ గుమాస్తాలు ఇద్దరు కుదిరారు. అంగడి లైసెన్సు పనుల్లో గంగాధరప్పకు వాళ్ల అవసరం ఉంది కాబట్టి, కొండలను చూడాలనే కోరిక వాళ్లకు చిన్నప్పటినుంచీ ఉన్నట్టు అతనే చెప్పాడు.

చివరికి తిండి మాట వచ్చింది. హోటలు తిండి పొట్టకు పడదని అందరూ ఒక్క గొంతుతో అన్నారు. స్టవ్వు, బియ్యం వెంట తీసుకుపోవాలని, దారిలో వండడానికి గంగాధరప్ప భార్య చౌడమ్మ రావాలని, నిల్వ ఉండే తినుబండారాలు వదిన చేసి పెట్టాలని తేల్చారు. గుమాస్తాల్లో ఒకడు మర్యాదకు, మరి పెద్దమ్మగారు రారా అని అడిగాడు.

"వదినకు రేష్మె పురుగులు ఉండాయి కదప్పా. ఆమె యాడికొస్తుంది? ఆమెకు ఇట్లాంటివి పట్టవు కూడా" అన్నాడు గంగాధరప్ప.

రెండు బారల దూరంలో తట్ట పట్టుకుని నిలబడి ఉన్న మనిషి గురించి, ఆమె అక్కడ లేనట్టే చెప్పాడు. అక్కయమ్మ తన భర్త కృష్ణప్ప వైపు చూసింది. ఆయన వేరుశెనక్కాయ ఒకటి ఒలిచి, పప్పు నోట్లో వేసుకుని, పొట్టు దేశపటం మీద పడకుండా జాగ్రత్తగా పక్కకు ఊదాడు. ఆ ఇంట్లో కృష్ణప్ప మంచివాడని పేరు. తల ఎత్తని మనిషికి ఆ పేరు తెచ్చుకోవడం కష్టం కాదు. పోయిన పంట పట్టుగూళ్లు అమ్మి వచ్చినదాంట్లోనే ఇప్పుడు పెట్రోలు పోయబోతున్నారని ఆయనకు గుర్తున్నట్టు లేదు. ఆ గూళ్లు ఎవరి చేతిలో పండాయో కూడా.

అక్కయమ్మ పురుగులింట్లోకి వెళ్లి, తలుపు వేసుకుని, మల్బరీ ఆకు కోసే కత్తి తీసుకుంది.

*

చౌడమ్మ మూడో రోజున బస్సు దిగి వచ్చింది, తినుబండారాల పనికి సాయం చేయడానికి. చింతామణిలో వ్యాపారస్తుల ఇంటి పిల్ల. హైస్కూలు దాకా చదివింది. మాట మధ్యలో కన్నడం దూరుస్తుంది. మొహానికి పౌడరు, చేతిలో రుమాలు. పెళ్లయి నాలుగేళ్లయినా ఆ రుమాలు చేతిలోంచి జారలేదు. అక్కయమ్మ ఆమెను ఎప్పుడూ పేరు పెట్టి అనుకునేది కాదు. ఆ టౌను పిల్ల అనుకునేది.

టౌను పిల్ల బియ్యప్పిండితో ఒత్తిన నిప్పట్లు ఒకటి గుమ్మడికాయ చెక్కంత మందం, ఒకటి తమలపాకంత పల్చన వచ్చాయి. మందంగా ఉన్నవి లోపల పచ్చిగా మిగిలాయి. పల్చనివి నల్లబడ్డాయి. అక్కయమ్మ వాటిని విడిగా ఒక డబ్బాలో పోసింది, గోపాలప్ప కోసమని.

పురుగులు అప్పుడే నాలుగో జ్వరం లేచాయి. పట్టుపురుగు చర్మం విడవడానికి తిండి మాని, తల ఎత్తి, రాయిలా పడుకునే నిద్రను ఆ పక్క జ్వరం అంటారు. నాలుగో జ్వరం లేచిందంటే ఇక ఆకలే ఆకలి. పొద్దు ఎక్కకముందు, మధ్యాహ్నం, పొద్దుగూకేటప్పుడు, పడుకోబోయే ముందు ఆకు పడుతూనే ఉండాలి. ఒక పూట తప్పితే గూడు బరువు తగ్గుతుంది. తర్వాత ఒళ్లు పసుపుబారి, గాజులా మెరుస్తూ, ఆకు ముట్టకుండా తల ఊపుతుంది. అంటే పండినట్టు. అప్పుడు దాన్ని ఏరి, గూడు అల్లుకోవడానికి చంద్రికె అనే వెదురు చాప మీద వదలాలి. ఆలస్యమైతే తట్టలోనే దారం పారేసుకుంటుంది. అదంతా మగవాళ్లు ఊటీలో పడవెక్కే రోజుల్లోనే జరగాలి. ఇంట్లో పటం పరిచినవాళ్లలో ఒక్కరూ ఈ లెక్క చూడలేదు.

మధ్యాహ్నం చౌడమ్మ పురుగులింటి గడప దగ్గర రుమాలు ముక్కుకు పెట్టుకుని నిలబడింది. లోపల వేల పురుగులు ఆకు కొరుకుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"వాన పడతాండేట్టుండాదక్కా" అంది.

కొత్తగా చూసినవాళ్లంతా ఆ మాటే అంటారు. అక్కయమ్మకు ఆ మాటంటేనే చిరాకు. ఆ పిల్లను ఒక్క పూటలో సాగనంపే ఉపాయం ఆమెకు తోచింది. తట్టలో పైఆకు మీదికి ఎక్కిన పురుగులను కొత్త తట్టలోకి మార్చి, అడుగున మిగిలిన పుల్లలూ పెంటికలూ ఎత్తి బయట పోయాలని చెప్పింది. ఆ వేడికి, తడికి, కుళ్లిన ఆకు వాసనకు కూలివాళ్లే మొహం తిప్పుకుంటారు. చౌడమ్మ రెండు తట్టలు ఎత్తింది. మూడోది ఎత్తి బయటికి పోయి, పశువుల కొట్టం పక్కన కక్కుకుంది. పురుగులింటి కూలిమనిషి ముసలి తిమ్మక్క నీళ్ల చెంబు తీసుకుని పోబోయింది. అక్కయమ్మ కళ్లతోనే ఆపింది.

చౌడమ్మ మొహం కడుక్కుని, తిరిగి వచ్చి నాలుగో తట్ట పట్టుకుంది.

పౌడరు వాసన పురుగులకు పడదని అక్కయమ్మ ఆ సాయంత్రం గట్టిగా చెప్పింది. పురుగుల మీద ప్రేమతో కాదు, ఆ పిల్ల మళ్లీ గడప తొక్కకుండా ఉండాలని. తెల్లవారి చూస్తే చౌడమ్మ ఎవరూ పిలవకముందే లేచి, ఉత్త నీళ్లతో మొహం కడిగి, తలకు గుడ్డ చుట్టుకుని ఆకు మోపు దగ్గర కూర్చుని ఉంది. మొహం చిన్నపిల్ల మొహంలా ఉంది. వేషాలు అనుకుంది అక్కయమ్మ. రెండు రోజుల వేషం. కారెక్కగానే రుమాలు తిరిగి వస్తుంది.

ఆ పూట ఆకు వేస్తూ అక్కయమ్మ ఒక తట్ట చూసి పక్క తట్టకు జరిగింది. ఆమె వెనకే వచ్చిన చౌడమ్మ అదే తట్ట మీదికి వంగి ఆగిపోయింది.

"అక్కా, ఇది ఒక్కటే ఊదినట్టుండాది. తెల్లగా ఉండాది కదా?"

ఊదిన పురుగు చిట్లితే అందులోని పాల వంటి నీరు తట్టంతా చంపుతుంది. అక్కయమ్మ వంగి చూసింది. నిజమే. ఆకు కింద సగం కనబడకుండా ఉన్న పురుగు. తను దాటిపోయినది. రెండు వేళ్లతో తీసి సున్నం ఉన్న చిప్పలో వేసి తర్వాతి తట్టకు పోయింది. తిమ్మక్క మాత్రం చౌడమ్మ వైపు చూసి బోసినోటితో నవ్వింది. అక్కయమ్మకు ఆ నవ్వు నచ్చలేదు.

*

ప్రయాణం ముందురోజు సాయంత్రం వాళ్లిద్దరూ వంటింట్లో చింతపండు గొజ్జు కలుపుతున్నారు. అరుగు మీద గోపాలప్ప, గంగాధరప్ప ఏ సీటులో ఎవరు కూర్చోవాలో వాదించుకుంటున్నారు. ముందు సీటు తనదేనని, లేకపోతే దారి ఎట్లా చూపాలని గోపాలప్ప పంతం పట్టాడు. పెళ్లిలో అల్లుడు అలిగినట్టు అలిగాడు.

చౌడమ్మ గరిటె తిప్పడం ఆపకుండా, తలెత్తకుండా అంది.

"అక్కా, కారులో నా బదులు నువ్వు పో."

అక్కయమ్మకు ఒళ్లు మండింది. ఈ టౌను పిల్లకు తన మీద జాలి.

"నా మీద జాలిపడేంత పెద్దదానివి అయినావా?"

"జాలి కాదక్కా. నాకు పోవాలని లేదు."

ఆ తర్వాత ఆమె చెప్పిన సంగతికి ఎక్కువ సమయం పట్టలేదు. పోయిన ఏడాది ఇదే కారులో, ఇదే గోపాలప్పతో మదనపల్లి అవతల హార్స్లీ కొండకు పోయారు. పైన కారు ఆపి, మగవాళ్లు కొండ అంచు చూడడానికి పోతూ సామాన్ల దగ్గర ఆమెను ఉండమన్నారు. ఆమె స్టవ్వు వెలిగించి, గాలికి ఆరిపోకుండా కొంగు అడ్డం పెట్టి అన్నం వండింది. వాళ్లు వచ్చి తిన్నారు. గిన్నెలు కడిగింది. చీకటి పడబోతోందని దిగి వచ్చేశారు.

"కొండ ఎట్లుంటాదని మా అమ్మ అడిగింది. కారు చక్రం కాడ గడ్డి ఎట్లుంటాదో చెప్పినా. ఇంకేం చూసినా నేను?" అంది చౌడమ్మ. "ఆ సీటు చూసేవాళ్లది కాదక్కా. వంటమనిషిది."

అక్కయమ్మ గొజ్జులో ఉప్పు వేసింది. "ఆ సీటు నాకు దానం చేస్తాండావా మరి?"

"నువ్వు కూర్చుంటే అది వదిన సీటు అవుతాది. నాకు చెప్పినట్టు నీకు చెప్పేదానికి ఆయనకు నోరు రాదు. నాకు ఎదురు చెప్పేదానికి నోరు లేదు. అంతేనక్కా."

బయట గోపాలప్ప గెలిచినట్టున్నాడు. గట్టిగా నవ్వుతున్నాడు. అక్కయమ్మకు ఆ నవ్వు మీద, ఆ కారు మీద, ఊటీ మీద, పొట్టు ఊదుకునే తన మొగుడి మీద ఒకేసారి అసహ్యం పుట్టుకొచ్చింది. వాళ్లను ఇన్నేళ్లుగా లోపలే తిట్టుకుంటూ, ఆ తిట్టుకోవడమే తన ఆస్తి అన్నట్టు దాచుకుంది. ఈ పిల్ల ఒక్కసారి కూడా తిట్టకుండా, ఎక్కడ నొక్కితే వాళ్ల నోరు మూతపడుతుందో కనిపెట్టి చెప్పింది.

"పురుగులు?" అంది చివరికి.

"తిమ్మక్క ఉండాది. ఆమె చెప్పినట్టు చేస్తా. పండినవి ఏరేది తెలీకుంటే ఆమెను అడుగుతా. నాకు తెలుసని ఎప్పుడూ అనుకోనులేక్కా."

అక్కయమ్మ పురుగులింటికి పోయి తట్టలన్నీ మళ్లీ ఒకసారి తిరిగి చూసింది. పదిహేనేళ్లుగా ఆ ఇంటి తాళం ఇంకొకరి చేతికి ఇవ్వలేదు. ఇంకెవరికీ చేతకాదని ఆమె నమ్మకం. ఆ నమ్మకమే తనను అక్కడ కట్టేసిందని, దాన్ని గంగాధరప్ప ఎంత సులువుగా వాడుకున్నాడో అప్పుడు తెలిసింది. సముద్రం చూడాలని తనకు ఉందో లేదో ఎవరూ అడగలేదు. తనను తాను కూడా అడగలేదు. తట్టల మధ్య నిలబడి అడిగింది. ఉందనే తేలింది.

*

తెల్లవారింది. గుమాస్తాలు కొత్త బూట్లు వేసుకుని వచ్చారు. డబ్బాలు, స్టవ్వు, బియ్యం మూట వెనక డిక్కీలోకి ఎక్కాయి. వీధిలో ఆడవాళ్లు నీళ్ల బిందెలతో ఆగి చూస్తున్నారు. వాళ్లు చూస్తున్నారని గంగాధరప్ప కారు అద్దాన్ని తుడిచిందే తుడుస్తున్నాడు.

అక్కయమ్మ ఎర్రంచు నేత చీర కట్టుకుని, చేతిలో గుడ్డ సంచితో బయటికి వచ్చింది. నేరుగా వచ్చి ముందు సీటు తలుపు దగ్గర నిలబడింది. అప్పటికే అందులో కూర్చుని ఉన్న గోపాలప్పను చూసింది, అంతే. అతను ఒక నిమిషం కూర్చుని, తర్వాత పటం చుట్టుకుని దిగి వెనక్కు పోయాడు.

"ఏంది వదినా ఇది?" అన్నాడు గంగాధరప్ప.

"చౌడమ్మ రాదు. నేనొస్తాండా."

"పురుగులు ఎవురు చూస్తారు?"

"ఆ పిల్ల చూస్తాది."

గంగాధరప్ప నవ్వబోయాడు. పురుగులింటి వైపు తిరిగాడు. గడపలో చౌడమ్మ తలకు గుడ్డ చుట్టుకుని, చంకన ఆకు గంప పెట్టుకుని నిలబడి ఉంది. భర్త చూపు తగిలినా కళ్లు దించలేదు. ఇంతమంది ముందు ఆమె మీద అరవాలంటే వదినను దాటి అరవాలి. అతను అన్న వైపు చూశాడు. కృష్ణప్ప తన చెప్పుల వైపు చూసుకుంటున్నాడు.

"ఇంకొక మాట గంగాధరా" అంది అక్కయమ్మ, గొంతు పెంచకుండా. "నిప్పట్లు ఉండాయి, గొజ్జు ఉండాది. అన్నం ఎవురు వండుకుంటారో మీరు చూసుకోండి. స్టవ్వు నేను ముట్టను. నేను చూసేదానికి వస్తాండా."

బిందెలు పట్టుకున్న ఆడవాళ్లలో ఎవరో కిసుక్కుమన్నారు. గంగాధరప్ప కారెక్కి తలుపు వేసుకున్నాడు. ఆ రోజు చప్పుడు కాలేదు. సరిగ్గా పడలేదని మళ్లీ తీసి వేసుకోవాల్సి వచ్చింది.

*

దారి పొడవునా వాళ్లు ఆమెను నిరాశపరచలేదు. బెంగళూరులోనే గోపాలప్ప మైసూరు రోడ్డు తప్పించి వాళ్లను ఎవరిదో ఇటికెల బట్టీలోకి తీసుకుపోయాడు. మద్దూరు అవతల చింతచెట్ల కింద గుమాస్తాలు అన్నం వండారు. పైన గంజి, అడుగున మాడు. తాలూకా కచేరీలో రైతులను గంటలకొద్దీ నిలబెట్టే మనుషులు స్టవ్వు ముందు మోకాళ్ల మీద కూర్చుని కళ్లు తుడుచుకుంటుంటే అక్కయమ్మ ఒక నిప్పట్టు తీసుకుని మెల్లగా నమిలింది. పచ్చిగా ఉన్న నిప్పట్ల డబ్బా గోపాలప్ప ముందుకు జరిపింది. అతను ఒకటి కొరికి, రెండో వైపు తిప్పి చూసి, మళ్లీ కొరికాడు.

పొద్దు వాలేసరికి కన్నంబాడి చేరారు. కట్ట అడుగున కారు ఆపాడు గంగాధరప్ప. అంతా దిగి ఒళ్లు విరుచుకున్నారు. అతను అలవాటుగానే అన్నాడు.

"వదినా, సామాన్ల కాడ ఎవురో ఒకరు ఉండల్ల కదా. నువ్వు రోంత సేపు కూర్చో. మేము చూసొస్తాము."

"మీ అన్న ఉంటాడు" అంది అక్కయమ్మ, భర్త వైపు తిరగకుండానే.

కృష్ణప్ప తల ఎత్తాడు. ఆమె వీపు వైపు కొంతసేపు చూశాడు. ఏమనుకున్నాడో, కారు పక్కనున్న రాయి మీద కండువా దులిపి వేసుకుని, డిక్కీలోంచి స్టవ్వు దించి దగ్గరికి జరుపుకుని కూర్చున్నాడు. అన్నే కూర్చున్నాక గంగాధరప్ప మెట్ల వైపు తిరిగాడు.

అక్కయమ్మ మెట్లెక్కింది. మోకాళ్లు నొచ్చాయి. మధ్యలో ఎక్కడా ఆగలేదు. పైకి వచ్చేసరికి గాలి చీర కొంగును లాగింది. ముందంతా నీళ్లు. ఎండ వాలి, ఆ చివరి కొండల దాకా రాగి రేకులా పరుచుకుని ఉన్నాయి. ఆమె అలవాటు ప్రకారం ఏదో ఒక వంక వెతికింది. ఇంతేనా, దీనికా ఇంత ఆర్భాటం అనే మాట నాలుక దాకా వస్తుందేమో అని చూసింది. రాలేదు. రెండు చేతులూ రాతి గోడ మీద ఆనించి నిలబడింది.

ఇంటి దగ్గర సాయంత్రపు ఆకు వేసే వేళ. ఆ పిల్ల ఇప్పుడు ఏ తట్ట దగ్గర ఉంటుందో. ఆకు తడిగా ఉంటే తుడిచి వేయమని తను చెప్పడం మరిచిపోయింది. తిమ్మక్క చెబుతుంది. చెప్పకపోయినా ఆ పిల్ల అడుగుతుంది.

పక్కన గంప దించుకుని వేయించిన వేరుశెనక్కాయలు అమ్ముతున్న ఒక ముసలామె ఆమెను చూసి, ఒంటరిగా నిలబడిందని కాబోలు, ఏ ఊరమ్మా, ఎవరు తీసుకొచ్చారు అని కన్నడంలో పలకరించింది. మెట్ల మీద గంగాధరప్ప, గోపాలప్ప రొప్పుతూ ఎక్కి వస్తున్నారు. ఇంకా చాలా కింద ఉన్నారు. అక్కయమ్మ వాళ్ల వైపు చూసి, మళ్లీ నీళ్ల వైపు తిరిగింది.

"మా చెల్లెలు పంపించింది" అని చెప్పింది.